రంధ్రం అనుకున్నాం, కవాటమన్నారు

పాకాలలో నాది మోటార్ల రీవైండింగ్ అంగడి. ఇరవై రెండేళ్ళుగా బావి మోటార్లు, బోరు మోటార్లు విప్పి బిగించడమే నా పని. పాప గుండె సంగతి రాయబోతూ మోటార్ల దగ్గర మొదలుపెట్టడానికి కారణం ఉంది. డాక్టరమ్మ మూడుసార్లు చెప్పినా నా తలకెక్కనిది, "మీరేం పని చేస్తారు?" అని ఆమె అడిగాక నాలుగోసారికి ఎక్కింది.

2022 మే నెలలో చిన్నోడి పుట్టెంట్రుకలు తీయించడానికి కొండకు నడిచి పోయాం. పాపకప్పుడు పదకొండేళ్ళు. తెల్లవారకముందే అలిపిరిలో పాదాల మండపం దగ్గర దండం పెట్టుకొని మెట్లెక్కడం మొదలుపెట్టాం. మొత్తం 3,550 మెట్లలో గాలిగోపురం దాకా ఉండేవి బాగా నిటారు. మా అమ్మ అరవై ఐదేళ్ళ మనిషి, గోవిందనామాలు చెప్పుకుంటూ ముందు పోతోంది. పాప ఇరవై మెట్లకొకసారి కూర్చుంటోంది. నాకు కోపం వచ్చింది. "అవ్వ ఎక్కుతాంటే నీకేం రోగమే సోంబేరీ, లెయ్" అన్నాను.

సోంబేరి అనడం అదే మొదటిసారి కాదు. పీటీ పీరియడ్‌లో తలనొప్పని చెప్పి కూర్చుంటుందని టీచరు చెప్పినప్పుడు అన్నాను. పక్కింటి పిలకాయలు ఆడుకుంటుంటే గడప మీద కూర్చొని చూస్తున్నప్పుడు అన్నాను. ఏం రోగమని నోటితో అడిగాను గాని, నిజంగా ఏం రోగమో కనుక్కోవాలని మాత్రం ఆ పూట తోచలేదు.

గాలిగోపురం దగ్గర ఒక అంగట్లో సోడా తాగిస్తుంటే, ట్యూబులైటు వెలుతురులో మా ఇంటామె చూసింది. "పాప పెదాలు చూడు, నేరేడు పండ్లు తిన్నట్టుండాయి" అంది. మిగిలిన దారంతా పాపను నేనే వీపున ఎక్కించుకొని పోయాను. నా చెవి పక్కనే దాని ఊపిరి. ఆ చప్పుడు విన్న తర్వాత ఇక నా కోపం ఏమైందో తెలియదు.

కొండ దిగినాక ఆసుపత్రులు మొదలయ్యాయి. నిజానికి ఆరేళ్ళప్పుడే ఆయాసమని ఒకచోట చూపించాం. ఉబ్బసమన్నారు, పీల్చే మందిచ్చారు. ఐదేళ్ళు పీల్చింది. ఆ మధ్యలో ఒకసారి జ్వరానికి రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 17.6 అని వచ్చింది. ఆ కాగితం చూసి ఇంట్లో అందరం సంతోషపడ్డాం. మా చుట్టాల్లో ఆడపిల్లలందరికీ తొమ్మిది, పది అని ఐరన్ మాత్రలు ఇస్తారు, మా పాపకు మాత్రం రక్తం బలంగా ఉందని మా అమ్మ ఊరంతా చెప్పుకుంది. రక్తంలో ప్రాణవాయువు చాలక, ఉన్న కొంచెమైనా మోసుకుపోవడానికి ఒళ్ళు ఎర్రకణాల్ని జాస్తిగా తయారు చేసుకుంటోందని, ఆ 17.6 ఒంటి అరుపని, మాకు తర్వాత తెలిసింది. పదకొండేళ్ళ ఆడపిల్లకు అంత హిమోగ్లోబిన్ కనిపిస్తే సంతోషపడకండి. ఎందుకని అడగండి. ఇది రాయడానికి కూర్చున్నదే సగం ఈ మాట కోసం.

చిత్తూరులో ఎక్స్‌రే తీసి గుండె పెద్దదైందన్నారు. ఎకో అని గుండెకు స్కాను చేసినాయన "గుండెలో రంధ్రం ఉంది" అన్నాడు. చెప్తే ఆశ్చర్యంగా ఉంటుంది, ఆ మాట వినగానే నాకు రవ్వంత ఊరట కలిగింది. గుండెలో రంధ్రమంటే తెలిసిన జబ్బే. మా ఊళ్ళోనే ఇద్దరు పిలకాయలకు ఉండింది, మూయించుకొని వచ్చి బాగున్నారు. ఒకడు ఇప్పుడు ట్రాక్టరు తోలుతున్నాడు. తొడ నరంలో నుంచి గొడుగు లాంటిది పంపించి మూసేస్తారంట, కోతే ఉండదంట, మూడోరోజు ఇంటికంట. చుట్టాలందరూ ధైర్యం చెప్పారు. రిపోర్టులో రంధ్రం కింద ఇంకో వరుస ఉంది, మూడు రెక్కల కవాటం నుంచి లీకు, తీవ్రం అని. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. రంధ్రానికి మా దగ్గర ఒక కథ ఉంది, కవాటానికి లేదు.

2021 అక్టోబరులో తిరుపతిలో, బర్డ్ ఆసుపత్రి ఆవరణలో, దేవస్థానం వాళ్ళు చిన్నపిల్లల కోసం శ్రీ పద్మావతి హృదయాలయం తెరిచారు. రంధ్రం మూయించడానికే అక్కడికి పోయాం. ఓపీ చీటీ రాయించి వరుసలో కూర్చుంటే, మా ముందర ఒకామె నెలల బిడ్డను ఒళ్ళో పెట్టుకొని ఉంది. ఆ బిడ్డ గోళ్ళు నీలంగా ఉన్నాయి. అప్పుడే మొదటిసారి పాప చేతివేళ్ళ కొసలు సరిగా చూశాను. ఉబ్బి, గోళ్ళు గుండ్రంగా వంగి ఉన్నాయి. చిన్నప్పటి నుంచి అట్లే ఉంటే వాళ్ళ తాత చేతులొచ్చాయనుకునేవాళ్ళం.

డాక్టరమ్మ లోపలికి పిలిచి మొదట వేళ్ళే చూసింది. రెండు చూపుడువేళ్ళ గోళ్ళను వీపులు ఆనించినట్టు ఎదురెదురుగా పెట్టమంది. మామూలు వాళ్ళకు ఆ రెండు గోళ్ళ మధ్య చిన్న సందు, వజ్రం ఆకారంలో, కనిపిస్తుంది. నాకు కనిపించింది. పాపకు లేదు. రెండు గోళ్ళూ అతుక్కుపోయాయి. తర్వాత వేలికి క్లిప్పు పెట్టి చూస్తే ప్రాణవాయువు 86. వరండాలో అటొకసారి ఇటొకసారి నడిపించి మళ్ళీ చూస్తే 74. మామూలు మనిషికి 95 పైన ఉండాలి.

ఎకో గదిలో చాలాసేపు చూశారు. బయటికొచ్చి ఆమె చెప్పిన పేరు ఎబ్‌స్టీన్ అనామలీ. పుట్టుకతో వచ్చే గుండె లోపాలన్నిటిలో నూటికి ఒకటి కన్నా తక్కువ. "రంధ్రం మూయడం ఇప్పుడు కుదరదు" అంది. నాకు వినిపించింది ఆ ఒక్క మాటే. మూయరా? మూయించుకోవడానికే కదా వచ్చింది? డబ్బు సంగతా, కాగితాల సంగతా అని అడిగాను. ఆమె ఓపికగా మళ్ళీ చెప్పింది. కవాటం కిందికి జారి ఉంది, కింది గదిలో కొంత భాగం పై గదిలా అయిపోయింది, కాబట్టి... నేను తల ఊపాను. ఏమీ అర్థం కాలేదు. మూడోసారి చెప్పాక ఆగి, నేనేం పని చేస్తానో అడిగింది.

చెప్పాను. ఆమె ముఖం వెలిగింది. ఓపీ చీటీ వెనకవైపు తిప్పి గుండె బొమ్మ గీసింది. "ఫుట్‌వాల్వు తెలుసు కదా మీకు. నీళ్ళు పైకి రానిస్తుంది, వెనక్కి పోనీదు. గుండెలో కుడివైపున పై గదికీ కింది గదికీ మధ్య అట్లాంటిదే ఉంటుంది. ఒంట్లోని చెడు రక్తం పై గదిలోకి చేరుతుంది, కవాటం దాటి కింది గదిలోకి దిగుతుంది, కింది గది నొక్కి ఊపిరితిత్తులకు పంపుతుంది" అంది.

నేనప్పుడు అన్నాను, "మేడమ్, నొక్కేదయితే మోటారు కాదు, బోరింగు."

ఊళ్ళల్లో చేత్తో కొట్టే బోరింగు లోపల సిలిండరు ఉంటుంది. అడుగున ఒక వాల్వు, పైన తోలు వాషర్లతో కదిలే ఇంకో వాల్వు. సిలిండరు ఎంత పొడుగుంటే కొట్టినప్పుడల్లా అన్ని నీళ్ళు. మరి అడుగున ఉండాల్సిన వాల్వును ఎవరైనా సిలిండరు నడుమలో బిగిస్తే? సగం సిలిండరు ఉత్త గొట్టమైపోతుంది. మిగిలిన సగంతోనే కొట్టుకోవాలి. చేయి నొప్పి పుడుతుంది, బిందె నిండదు. దానికి తోడు ఆ వాల్వు సరిగా మూసుకోకుండా కారుతుంటే, తోడిన దాంట్లో సగం మళ్ళీ కిందికే.

"అదే" అంది డాక్టరమ్మ. "అచ్చం అదే."

మామూలు గుండెలో కూడా కుడి కవాటం ఎడమదానికన్నా ఒకటి రెండు మిల్లీమీటర్లు కిందనే ఉంటుందట. ఒంటి వైశాల్యంలో ఒక చదరపు మీటరుకు 8 మిల్లీమీటర్ల కన్నా జాస్తి జారితే ఎబ్‌స్టీన్ అంటారు. మా పాప ఒళ్ళు సుమారు ఒక చదరపు మీటరు. కవాటం జారింది 21 మిల్లీమీటర్లు. పిడికిలంత గుండెలో 21 మిల్లీమీటర్లంటే ఎంతో నేను స్కేలు పెట్టి చూసుకున్నాను.

ఇక రంధ్రం. అదీ నా భాషలోనే చెప్పింది. కింది గది ముందుకు పంపలేకపోతే పై గదిలో రక్తం నిలిచిపోతుంది, ఒత్తిడి పెరుగుతుంది. పై గదుల మధ్య గోడలో ఉన్న ఆ రంధ్రం గుండా కొంత రక్తం ఎడమవైపుకు పోతోంది. మేడ మీది ట్యాంకుకు ఓవర్‌ఫ్లో పైపు ఉన్నట్టు. అయితే ఈ ఓవర్‌ఫ్లో బయటికి పోవడం లేదు, పక్కనున్న మంచినీళ్ళ ట్యాంకులో పడుతోంది. ఊపిరితిత్తులకు పోయి శుభ్రపడని రక్తం శుభ్రమైన రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతోంది. పెదాల నీలం అదే. నడిస్తే కుడివైపు ఒత్తిడి ఇంకా పెరుగుతుంది, ఇంకా కలుస్తుంది, 86 కాస్తా 74 అవుతుంది. కవాటం బాగు చేయకుండా రంధ్రం ఒక్కటే మూస్తే? ట్యాంకుకు ఓవర్‌ఫ్లో మూసేసి కింద కుళాయి తెరవనట్టే. చిత్తూరు నుంచి తిన్నగా రంధ్రం మూయించడానికి పోయి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ రాత్రుళ్ళు తలుచుకుంటాను.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో చంద్రగిరి దాటినాక పాపతో చెప్పాను. "నిన్ను సోంబేరి అన్నాను కదమ్మా. తప్పు నాది" అని. అది కిటికీలోంచి చూస్తూ, "అందరికీ మెట్లెక్కితే ఇట్లే ఉంటుందనుకున్నా నాన్నా. వాళ్ళు ఓర్చుకుంటారు, నాకు ఓర్చుకోవడం రాదనుకున్నా" అంది. పుట్టినప్పటి నుంచి ఉన్న ఆయాసం బిడ్డకు ఆయాసమని ఎట్లా తెలుస్తుంది?

ఇంట్లో ఇంకో కథ మొదలైంది. మాది మేనరికం. ఇంటామె నా అక్క కూతురే. పుట్టుకతో వచ్చిన లోపమని చెప్పగానే మా అమ్మ గ్రహణం మాట ఎత్తింది. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం పూట ఈమె వాకిట్లోకి వచ్చిందంట, కత్తిపీట పట్టిందంట. ఇంటామె ఏమీ అనలేదు. రెండు రోజులు అన్నం తినలేదు. తర్వాతిసారి తిరుపతికి పోయినప్పుడు అమ్మను కూడా తీసుకుపోయి, ఆమె ముందరే డాక్టరమ్మను అడిగాను.

ఆమె చెప్పింది ఇది. కవాటం రెక్కలు బయటి నుంచి వచ్చి అతుక్కునేవి కావు. బిడ్డ కడుపులో ఉన్న మొదటి నెలల్లోనే, కింది గది గోడ లోపలి పొర ఒలుచుకొని రెక్కలవుతుంది. అరటి బోదె నుంచి పట్ట ఊడొచ్చినట్టు అనుకున్నాను నేను. పాపకు మూడు రెక్కల్లో రెండు పూర్తిగా ఒలుచుకోలేదు, గోడకే అంటుకుపోయాయి. మూడోది పెద్దగా, పడవ తెరచాపలాగా పెరిగింది. గ్రహణానికీ కత్తిపీటకూ సంబంధం లేదు. మానసిక జబ్బులకు వాడే లిథియం మందును గర్భిణులు వాడితే ఈ లోపం రావచ్చని ఒకప్పుడు చాలా భయపడ్డారు, ఆ ప్రమాదం అనుకున్నంత పెద్దది కాదని తర్వాత తేలింది. ఇంటామె అట్లాంటి మందేదీ వాడలేదు. మేనరికాల్లో పుట్టు లోపాలు కొంచెం జాస్తి అన్నది నిజమే గాని, ఈ బిడ్డకు వచ్చింది అందుకేనని ఎవరూ చెప్పలేరు. చాలామందికి కారణమే దొరకదు. చిన్నోడికి కూడా ఎకో తీశారు, వాడికేమీ లేదు. మా అమ్మ వరండాలోకి వచ్చి కోడలి చేయి పట్టుకుంది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఎబ్‌స్టీన్ ఎవరని ఫోన్లో వెతికాను. విల్‌హెల్మ్ ఎబ్‌స్టీన్, జర్మన్ డాక్టరు. 1866లో, ఇప్పుడు పోలండులో ఉన్న బ్రెస్లావ్ ఊళ్ళో, 19 ఏళ్ళ ఒక కూలి కుర్రాడు చనిపోతే కోసి చూసి, కవాటం ఇట్లా ఉందని బొమ్మలతో రాశాడు. అప్పటికి ఎక్స్‌రే కూడా పుట్టలేదు. ఆ కుర్రాడికి చిన్నప్పటి నుంచి ఆయాసం, గుండెదడ. కూలి పనికి పోయేవాడు. ఆయాసమొచ్చి గడ్డపార దించినప్పుడల్లా మేస్త్రీ ఏమని తిట్టి ఉంటాడో నాకు తెలుసు.

నవంబరులో ఒక రాత్రి పాప లేపింది. "నాన్నా, గుండె పరిగెత్తతాంది." చేయి పెట్టి చూస్తే లెక్కపెట్టలేనంత వేగం. ఈ జబ్బున్నవాళ్ళలో నూటికి 10 నుంచి 30 మందికి గుండెలో కరెంటు పోయే దారి ఒకటి అదనంగా ఉంటుందని, ఈసీజీలో దాని గుర్తు కనిపిస్తోందని డాక్టరమ్మ ముందే చెప్పి ఉంది. నా పనిలో దీన్ని షార్టు అంటాం. 108లో తిరుపతికి పోయాం. నిమిషానికి 224. మొదట పది మిల్లీలీటర్ల సిరంజి నోట్లో పెట్టి, లోపలి దట్టా కదిలేటట్టు పదిహేను సెకన్లు ఊదమన్నారు. ఊదగానే వెనక్కి పడుకోబెట్టి కాళ్ళు పైకెత్తి పట్టుకున్నారు. కొందరికి దాంతోనే నిలుస్తుందట, పాపకు నిలవలేదు. అడినోసిన్ అనే సూది వేశారు. తెర మీద గీత రెండు మూడు సెకన్లు చదునుగా పోయింది. ముందే చెప్పారు అట్లా అవుతుందని. ముందే చెప్పకపోయి ఉంటే నేను అక్కడే పడిపోయి ఉందును. మళ్ళీ గీత లేచింది, 96కు వచ్చింది.

ఆ రాత్రి ఇంటామె చేసిన పని ఒకటి చెప్పాలి. సెలైన్ గొట్టం పెట్టబోతున్న సిస్టరును ఆపి, "అమ్మా, బుడగ లేకుండా చూడు, మా పాపకు రంధ్రముంది" అంది. మామూలు మనిషి నరంలోకి చిన్న గాలిబుడగ పోతే ఊపిరితిత్తుల దగ్గర ఆగిపోతుంది. కుడి నుంచి ఎడమకు రక్తం పోయే రంధ్రముంటే అది తిన్నగా మెదడుకు పోవచ్చు. సిస్టరు గొట్టం మొత్తం మళ్ళీ కారనిచ్చి, వేలితో తట్టి చూసి పెట్టింది. పదో తరగతి దాటని మనిషి, నాకన్నా ముందే అన్నీ పట్టుకుంది. పండ్ల డాక్టరు దగ్గరికి పోయినా గుండె సంగతి ముందు చెప్పాలని, పన్ను పీకేముందు యాంటీబయోటిక్ వేయాలని గుర్తు పెట్టుకునేది కూడా ఆమే.

ఆపరేషన్ చెన్నైలో. నేను మళ్ళీ నా బుద్ధి చూపించుకొని, వాల్వు పాడైతే కొత్తది వేయరా అని అడిగాను. కుడివైపున లోహపు వాల్వు పెడితే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ, జంతువుల కణజాలంతో చేసింది పెడితే కొన్నేళ్ళకు అరుగుతుంది, పైగా ఏదీ బిడ్డతో పాటు పెరగదు అన్నారు. అందుకని సొంత కవాటాన్నే వాడతారు. బ్రెజిల్ దేశపు సర్జను జోసె పెడ్రో ద సిల్వా 1993లో మొదలుపెట్టిన పద్ధతి. గోడకంటుకున్న రెక్కల్ని ఒలిచి విడదీసి, అన్నిటినీ కలిపి శనక్కాయల పొట్లంలాగా గుండ్రంగా కుట్టి, ఆ పొట్లం మూతిని కవాటం ఉండాల్సిన అసలు చోట అతికిస్తారు. కోన్ అంటారు. కడుపులో మధ్యలో ఆగిపోయిన ఒలుపును పన్నెండేళ్ళ తర్వాత ఒక మనిషి చేత్తో పూర్తి చేయడమన్నమాట. నేను ఆ మాటను చాలా రోజులు నెమరేసుకున్నాను.

2023 ఫిబ్రవరిలో అదనపు కరెంటు దారిని తొడ నరంలోంచి వైరు పంపి కాల్చేశారు. కవాటం కుట్టాక ఆ జాగాకు చేరడం కష్టమట, అందుకని అది ముందు. పరీక్షలు రాసినాక ఏప్రిల్లో కవాటం. డబ్బుకు అరెకరా మామిడితోట కుదవ పెట్టాం, అది వేరే కథ. ఆరు గంటలు బయట కూర్చున్నాం. ఆ ఆరు గంటల గురించి నాకు రాయడం రాదు. లోపలికి పిలిచినప్పుడు నేను మొదట చూసింది మానిటర్లో అంకె. 97. తర్వాత పెదాలు. మా పాప పెదాల రంగు అదని నాకు పన్నెండేళ్ళు తెలియదు.

లీకు ఇంకా కొంచెం ఉంది. ఆరు నెలలకొకసారి ఎకో. కుడి గది సన్నబడిన గోడ బలపడడానికి టైము పడుతుందన్నారు. పరుగు పందేలు ఇప్పుడే వద్దన్నారు. హిమోగ్లోబిన్ 13.2కు దిగింది, ఈసారి ఆ దిగడానికే సంతోషపడ్డాం.

సెప్టెంబరులో ఒక సాయంత్రం అంగట్లో ఒక మోటారుకు చుట్టు వేస్తున్నాను. పాప ఇస్కూలు నుంచి వచ్చి, బల్ల మీది టెస్టు బల్బు వెలుతురుకు రెండు చూపుడువేళ్ళూ ఎత్తి పెట్టి, గోళ్ళు ఆనించి, ఒక కన్ను మూసి చూస్తోంది. వారానికొకసారి ఇట్లా చూసుకుంటుందని అప్పుడే తెలిసింది.

"నాన్నా, నువ్వు చూడు. నా కంటికి ఊరకే అనిపిస్తాందేమో."

చేతులకున్న వార్నిష్ తుడుచుకొని వంగి చూశాను. రెండు గోళ్ళ మధ్య నుంచి బల్బు వెలుతురు, సూది మొనంత, అవతలికి వస్తోంది.